ఫైలుంది, తెరుచుకోదు

ముఖ్యమంత్రి హోదాలో చంద్రబాబు నాయుడు 1997లో బిల్ గేట్స్‌ను పవర్‌పాయింట్ స్లైడ్లతో ఆకట్టుకున్నారు. ఆ రోజుల నాటి ఫైళ్లు కొన్ని ఇప్పుడు తాళంచెవి పోయిన పెట్టెలే. పవర్‌పాయింట్ 95, అంతకు ముందరి వెర్షన్ల ఫైళ్లకు మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో 2007లోనే ఆఫీస్ 2003 సర్వీస్ ప్యాక్ ద్వారా అడ్డుకట్ట వేసింది. ఇప్పటి వెర్షన్లు వాటిని తెరవవు. తెలుగు స్లైడ్లది మరో చిక్కు: ఫైలు తెరుచుకున్నా, యూనికోడ్‌కు ముందటి ఫాంట్ లేకపోతే అక్షరాలన్నీ పిచ్చిగీతలే.

మరి సర్కారీ రికార్డుల గతేమిటి? కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటర్‌లో తయారైనవాటినీ రికార్డులుగానే గుర్తిస్తుంది. ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనూ లేని ప్రమాణాలే వాడాలని 2010లో కేంద్రం విధానం ప్రకటించింది. అయితే పాత ఫైళ్లను మార్చకపోతే అది అక్కరకు రాదు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న చివరి కంప్యూటర్ తుక్కుకు చేరేలోపే ఆ పని కావాలి.