హాలండ్ ఊరు, హోప్ కళాశాల

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే ఊరుంది. మే నెలలో అక్కడ వీధి వీధినా తులిప్ పూలే. పండుగనాడు జనం చెక్క బూట్లు తొడుక్కుని, బకెట్లతో నీళ్లు గుమ్మరించి, చీపుళ్లు పట్టి నడిరోడ్డును తోముతారు. ఈ పండుగ మొదలైంది 1929లో. ఊరికి అంతకంటే పాతదీ విలువైనదీ అయిన గుర్తు హోప్ కళాశాల.

దాని కథ నెదర్లాండ్స్‌లో మొదలైంది. అక్కడ 1834లో కొందరు ప్రభుత్వ పెత్తనం కింద నడిచే చర్చిని కాదని బయటికొచ్చారు. ప్రార్థనకు కూడితే జరిమానా, బోధిస్తే జైలు. దానికి తోడు 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది. ఆల్బర్టస్ వాన్ రాల్టె అనే పాస్టరు వెంట కొన్ని కుటుంబాలు అమెరికాకు ఓడెక్కాయి. 1847 ఫిబ్రవరిలో, మంచు కప్పిన అడవిలో ఊరికి చోటు చూసుకున్నారు. మలేరియా, మశూచి తొలి ఏళ్లలోనే ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. అయితే అది మనుషులు లేని అడవి కాదు. అక్కడి ఒడావా ఆదివాసులు ఈ కొత్తవాళ్ల తాకిడికి 1849లో ఉత్తరానికి తరలిపోయారు. ఊరి కథ చెప్పేవాళ్లు ఈ మాట దాటవేయకూడదు.

తినడానికే కటకటగా ఉన్న రోజుల్లో, 1851లో, వాళ్లు పెద్ద చదువులకు దారితీసే బడి పెట్టారు. పాస్టరుకు భక్తి ఒక్కటే చాలదనీ, గ్రీకు, హీబ్రూ నేర్చి లేఖనాన్ని తానే విప్పి చెప్పగలగాలనీ వారి నియమం. అలాంటివాళ్లు సముద్రం దాటి ఎందరొస్తారు? ఆ బడే 1866లో కళాశాల అయింది. మొదటి జట్టులో పట్టా అందుకున్నది ఎనిమిది మంది. 1871 అక్టోబరులో, షికాగో తగలబడిన రాత్రే, హాలండ్ కూడా చాలామటుకు బూడిదైంది. కళాశాల మిగిలింది.

ఈ కళాశాలలో కెమిస్ట్రీ విద్యార్థి కూడా చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, మతం చదవాల్సిందే. లోకమంతా దేవుడిదైతే చదవకూడనిదేదీ ఉండదన్నది దీని వెనకున్న నమ్మకం. ఆ నమ్మకం మనుషులను ఒకే అచ్చులో పోయలేదు. అరేబియాలో మతప్రచారం చేసిన శామ్యూల్ జ్వేమర్ ఇక్కడివాడే. 1905లో పట్టా పుచ్చుకుని, యుద్ధాలకు ఎదురు నిలవడానికే బతుకు ధారపోసిన ఎ.జె. మస్టీ కూడా ఇక్కడివాడే. 1996లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న రిచర్డ్ స్మాలీ మొదటి రెండేళ్లు ఇక్కడే చదివాడు. ఇంజినీరింగ్ సీటు రాగానే తెలుగు పుస్తకం, చరిత్ర పుస్తకం అటకెక్కించే మనం ఈ పద్ధతిని కాస్త శ్రద్ధగా చూడాలి.

కళాశాలకు అండగా నిలిచిన రిఫార్మ్‌డ్ చర్చి మనకూ కొత్తదేమీ కాదు. మన దగ్గర ఆర్కాటు మిషన్ అనే మతప్రచార సంస్థను నడిపింది ఆ సంఘమే. అది పంపిన జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెలో దశాబ్దాల పాటు వైద్యం చేశాడు, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకున్నాడు, 1908లో అక్కడే కన్నుమూశాడు.