పాత కంప్యూటర్‌లో లైనక్స్: తెర ఎక్కడ ఆగింది?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2017కి ముందు వచ్చిన ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11లో అధికారికంగా చోటు లేదు. బాగానే నడుస్తున్న డెస్క్‌టాప్‌ను తూకానికి వేయడానికి మనసొప్పక చాలామంది లైనక్స్ మింట్, డెబియన్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ల వైపు చూస్తున్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే మెనూ వస్తుంది, ఎంటర్ నొక్కగానే తెర నల్లబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు పోయిందనుకుని అక్కడితో వదిలేసేవాళ్ళు ఎందరో. చాలాసార్లు కార్డుకేమీ కాదు.

ముందు ఒక్కటి గమనించండి: ఆన్ చేయగానే కంపెనీ లోగో కనబడిందా? కనబడితే మానిటరూ కేబులూ కార్డూ పనిచేస్తున్నట్టే. తర్వాత క్యాప్స్‌లాక్ మీట నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ నడుస్తోంది, బొమ్మ ఒక్కటే బయటికి రావడం లేదు. కొత్త మానిటర్ కొనేముందు ఈ రెండూ చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

మరి బొమ్మ ఎక్కడ ఆగింది? లోగో, మెనూ కనబడేంతవరకు తెర మదర్‌బోర్డులోని బయోస్ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత దాన్ని కర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగం, తన చేతిలోకి తీసుకుంటుంది. తెర కొలతనూ వేగాన్నీ కర్నెలే నిర్ణయించే ఈ పద్ధతి లైనక్స్‌లో 2009 ప్రాంతంలో మొదలైంది. పేరు మోడ్ సెట్టింగ్. కొత్త మెషీన్లలో ఈ అప్పగింత రెప్పపాటులో జరిగిపోతుంది. పాత కార్డుల్లో కొన్నిటితో కర్నెల్ తప్పుడు అంచనాకు వస్తుంది, తెర అక్కడే ఆరిపోతుంది.

అలాంటప్పుడు ఆ పని చేయొద్దని కర్నెల్‌కు చెప్పవచ్చు. మెనూలో ఇన్‌స్టాల్ వరుస మీద నిలబడి 'ఇ' మీట నొక్కండి. 'లైనక్స్' అన్న మాటతో మొదలయ్యే వరుస చివర్లో 'క్వైట్ స్ప్లాష్' అని ఉంటుంది. దాని పక్కన ఒక ఖాళీ వదిలి నో, మోడ్, సెట్ అన్న మూడు ఇంగ్లీషు మాటల్ని చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాయండి. ఎఫ్10 నొక్కితే ఆ మార్పుతో బూట్ అవుతుంది. మింట్ మెనూలో 'కంపాటిబిలిటీ మోడ్', ఉబుంటులో 'సేఫ్ గ్రాఫిక్స్' పేరిట ఇదే సౌకర్యం ముందే సిద్ధంగా ఉంటుంది. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక మొదటి బూట్‌లో మళ్ళీ ఈ 'నోమోడ్‌సెట్' మాట అవసరం పడవచ్చు. అప్పుడు మెనూ దాక్కుంటే పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకోండి, బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉన్న కొత్తవాటిలో ఎస్కేప్ తట్టండి.

దీనివల్ల డిస్కులో ఫోటోలు పోతాయా? పోవు. మెనూలో చేసిన మార్పు ఆ ఒక్క బూట్‌కే చెల్లుతుంది, డిస్కులో ఏదీ మారదు. డిస్కు జోలికి వెళ్ళేది ఇన్‌స్టాలర్. కాబట్టి దాన్ని నడిపే ముందు మాత్రం ఫోటోలూ కాగితాలూ వేరేచోట దాచుకోండి.

తెర వచ్చింది కదా, అలాగే వదిలేయొచ్చా? వదిలేయొద్దనే నా సలహా. 1920×1080 తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక్క బొమ్మకు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 బొమ్మలంటే దాదాపు 50 కోట్ల బైట్లు, అంటే సెకనున్నరలో ఒక 700 ఎంబీ సీడీ నిండిపోయేంత సమాచారం. గ్రాఫిక్స్ చిప్‌ను పక్కన పెట్టినప్పుడు ఈ బొమ్మలు గీసే బరువంతా ముసలి ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. వీడియో ఆగి ఆగి నడుస్తుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది, ల్యాప్‌టాప్‌లో వెలుతురు తగ్గించే మీటలు కూడా పనిచేయకపోవచ్చు. నోమోడ్‌సెట్ అన్న మాట ఇన్‌స్టాల్ దాకా చేరడానికి ఊతకర్ర అంతే.

దాన్ని ఎప్పుడు మానేయవచ్చన్నది కార్డును బట్టి ఉంటుంది. ఇంటెల్ చిప్‌లకు డ్రైవర్, అంటే ఆ చిప్‌ను నడిపే ప్రోగ్రామ్, కర్నెల్‌లోనే ఉంది. సిస్టమ్‌ను అప్‌డేట్ చేసి, ఆ మాట లేకుండా బూట్ చేసి చూడండి. పాత రేడియాన్ కార్డులకు డ్రైవర్‌తోపాటు ఫర్మ్‌వేర్ ఫైలూ కావాలి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో అది 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచే కలిసి వస్తోంది, కాబట్టి అంతకు పాత సీడీ పట్టుకుని తంటాలు పడనక్కర్లేదు. ఎన్‌విడియా దగ్గరే అసలు చిక్కు. జీఫోర్స్ 6, 7 శ్రేణులకు సరిపోయే కంపెనీ డ్రైవర్ 304కు మద్దతు 2017 చివర్లో ఆగింది. 8, 9 శ్రేణులకు కావలసిన 340కి 2019 చివర్లో, 400, 500 శ్రేణుల 390కి 2022 చివర్లో ఆగింది. కొత్త కర్నెళ్ళతో ఇవి సరిగా కలవవు. ఈ కార్డులున్నవాళ్ళు కర్నెల్‌తోపాటే వచ్చే నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్‌తో సరిపెట్టుకోవడం మేలు. ఆటలు ఆడలేరేమో గానీ ఉత్తరాలు రాసుకోవడానికి, బ్రౌజర్‌కు చాలు.

ఇంకో వింత ఉంది. ఇంటెల్ ఆటమ్ చిప్ వేసిన చిన్న డెస్క్‌టాప్ బోర్డుల్లో కొన్ని తమకు ల్యాప్‌టాప్ తెర కూడా ఉందని కర్నెల్‌కు చెబుతాయి. కర్నెల్ నమ్మి, ఆ లేని తెర మీద డెస్క్‌టాప్‌ను పరుస్తుంది. మీ మానిటర్ మీద ఖాళీ వాల్‌పేపర్ తప్ప మెనూ, ఐకాన్లు ఏవీ రాకపోతే అనుమానించాల్సింది దీన్నే. డిస్‌ప్లే సెట్టింగుల్లో రెండో తెర కనబడితే దాన్ని ఆపేయండి.

ల్యాప్‌టాప్ తెర పూర్తిగా నల్లగా ఉంటే గదిలో దీపం ఆర్పి, టార్చిని తెరకు ఏటవాలుగా పట్టి చూడండి. ఐకాన్లు లీలగా కనబడితే బొమ్మ వస్తున్నట్టే, వెనక ఉండే బ్యాక్‌లైట్ మాత్రం వెలగలేదు. వెలుతురు పెంచే మీటలు నొక్కి చూడండి. విండోస్‌లో కూడా అలాగే ఉంటే మాత్రం రిపేరుకు ఇవ్వాల్సిందే.

ఇక ఎక్కువమందిని విసిగించేది: బొమ్మ వస్తుంది, కానీ సాగిపోయి ఉంటుంది. మానిటర్‌ది 1366×768, సెట్టింగుల్లో మాత్రం 1024×768కి మించి కనబడదు. వెడల్పు మూడో వంతు సాగి, 9 సెంటీమీటర్ల గుండ్రం 12 సెంటీమీటర్ల కోడిగుడ్డవుతుంది. మానిటర్‌లోని ప్రతి నాలుగు చుక్కల్లో ఒకటి వృథా. తెలుగు చదివేవాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ, ఒత్తులన్నీ అలుక్కుపోతాయి.

కారణం చాలాసార్లు కేబులే. ప్రతి మానిటర్ తన కొలతలు, వేగాలు రాసుకున్న చిన్న చీటీని కంప్యూటర్‌కు పంపుతుంది. దాని పేరు ఈడీఐడీ, నిడివి 128 బైట్లు, 140 బైట్ల ఎస్సెమ్మెస్ కంటే తక్కువ. వీజీఏ కేబుల్‌లో ఆ చీటీ 12, 15 నంబరు పిన్నుల మీదుగా వస్తుంది. కేబుల్ ఊడదీసి, పిన్నులు మీ వైపు, వెడల్పు అంచు పైకి ఉండేలా పట్టుకోండి. కింది వరుసలో ఎడమ నుంచి రెండోది 12, చివరిది 15. వాటిలో ఏది వంగినా, విరిగినా చీటీ అందదు. కర్నెల్ జాగ్రత్తకు 1024×768 దగ్గర ఆగిపోతుంది. మధ్య వరుసలో 9వ పిన్ను లేకపోవడం మామూలే, దాన్ని చూసి కేబుల్ పారేయకండి.

కేబుల్ మార్చినా అంతేనా? అయితే కొలత మనమే చెప్పాలి. టెర్మినల్ తెరిచి సి, వి, టి అక్షరాలు కలిపి రాసి, పక్కన 1366 768 60 ఇవ్వండి. 'మోడ్‌లైన్' అనే అంకెల వరుస వస్తుంది. అందులో 1366 బదులు 1368 ఉంటుంది. ఈ లెక్క వెడల్పును ఎనిమిదేసి చుక్కలుగా కొలుస్తుంది, 1366 ఎనిమిదో ఎక్కంలో రాదు, 8×171 అయిన 1368 వస్తుంది. అదే వరుసలో 1784, 798 అన్న అంకెలూ చూస్తారు. లావు పిక్చర్‌ట్యూబ్ మానిటర్ల కాలంలో ఎలక్ట్రాన్ కిరణం ఒక గీత ముగించి మళ్ళీ ఎడమ అంచుకు రావడానికి కొంత వ్యవధి కావలసి వచ్చేది. ఆ ఖాళీని ఇప్పటికీ లెక్కలో కలుపుతున్నారు. 1784×798 అంటే 14.2 లక్షలు, అందులో తెర మీద కనబడేవి 10.5 లక్షలు.

ఇప్పుడు ఎక్స్-ఆర్-ఏ-ఎన్-డి-ఆర్ అన్న ఆదేశాన్ని ఒంటరిగా ఇస్తే మానిటర్ తగిలించిన పోర్టు పేరు తెలుస్తుంది. అదే ఆదేశానికి 'న్యూమోడ్' చేర్చి మోడ్‌లైన్‌లోని పేరూ అంకెలూ, తర్వాత 'యాడ్‌మోడ్' చేర్చి పోర్టు పేరు, మోడ్‌లైన్‌లోని అదే పేరు ఇవ్వండి. ఈ రెండు మాటల ముందూ రెండేసి అడ్డగీతలు ఉండాలి. అప్పుడు సెట్టింగుల్లో కొత్త కొలత కనబడుతుంది. వేలాండ్ పద్ధతిలో నడిచే డెస్క్‌టాప్‌లలో ఇది పనిచేయదు, లాగిన్ తెరలో పాత పద్ధతి అయిన ఎక్స్‌ఆర్గ్ ఉంటే దాన్ని ఎంచుకోండి. లాగవుట్ అయితే మార్పు పోతుంది గనక, సరిపోయిందని తేలాక ఆ ఆదేశాల్ని స్టార్టప్ ప్రోగ్రామ్‌లలో పెట్టుకోండి.

మానిటర్ 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటే ఇచ్చిన వేగం దానికి మించిందని అర్థం, 60 దాటకుండా చూడండి. బొమ్మ ఒక పక్కకు జరిగితే మానిటర్ మీదున్న 'ఆటో' మీట ఒకసారి నొక్కండి. అప్పటికీ నిలువు గీతలు మసకగా ఉంటే 1360×768 ఇచ్చి చూడండి. ఆరు చుక్కల వెడల్పు తగ్గినా, చాలా మానిటర్లు గుర్తుపట్టే కొలత అది.