స్లైడు ఫిల్మును నెగటివుగా కడిగినచో

రంగు ఫిల్ములు ముఖ్యముగా రెండు విధములు. నెగటివు ఫిల్మునుండి కాగితముపై ప్రతులు తీయుదురు. స్లైడు ఫిల్ము కడుగగానే తానే బొమ్మ యగును. నెగటివునకు సి-41, స్లైడునకు ఇ-6 అను పద్ధతులు ఏర్పడియున్నవి. స్లైడు ఫిల్మును కోరి సి-41లో కడిగించువారు కొందరు కలరు. ఆ ఫలితములను గూర్చి మేము కొంత వివరింపదలచితిమి.

మౌలాలి కొండనే తీసికొందము. పైన దర్గా, ఎండకు మెరయు రాతిగుండు, పాదమున కవయిత్రి మహ లఖా బాయి చందా సమాధి, చెట్లనీడ: ఒక్క చిత్రములో ఇంత వెలుగు, ఇంత చీకటి. స్లైడు ఫిల్ము ఈ వ్యత్యాసమును కొంతవరకే భరించును. సి-41లో అది ఇంకను తీవ్రమగును. రాయి తెల్లగా పాలిపోవును, నీడ నల్లని మచ్చ యగును. కావున మబ్బుపట్టిన వేళ మేలు.

ఎక్స్‌పోజరు విషయమున స్లైడు అలవాటు తలక్రిందగును. స్లైడునకు వెలుగును కాపాడవలెను. ఇచట నీడను కాపాడవలెను. 100 వేగముగల ఫిల్మునకు మీటరును 64కో 50కో అమర్చి, కొంత ఎక్కువ వెలుగు నిచ్చుట మంచిది.

రేణువుల సంగతి. ఇ-6లో వెలుగు సోకిన పెద్ద రేణువులు మొదటి డెవలపరులోనే నల్లబడి, తుదకు తొలగిపోవును. మిగిలిన చిన్న రేణువులవద్దనే రంగులు పుట్టును. సి-41లో ఆ పెద్ద రేణువులే బొమ్మకు ఆధారము. అందుచేత బొమ్మ గరుకుగా కనబడును. వెలుగు చాలనిచో ఆ గరుకు మరింత బయటపడును.

రంగులు మారుటకు కారణములు రెండు. రెండు పద్ధతుల డెవలపరులు వేరు. కనుక ఫిల్ములోని పొరలు ఉద్దేశించిన వర్ణముల నీయవు. నెగటివు ఫిల్మునకుండు నారింజ ఛాయయు దీనికి లేదు. ఫిల్మునుబట్టి ఆకుపచ్చ, పసుపు లేక ఎరుపు పైకొనును. ప్రతి తీయువాని దిద్దుబాటును బట్టియు మారును.

ఇట్లు కడిగిన ఫిల్ము మరల స్లైడు కానేరదు. కొండ రేపును ఉండును. ఉరుసునాడు మెట్లెక్కిన అవ్వ ముఖము మరల దొరకదు. అట్టి చిత్రములను వాటి పద్ధతిలోనే కడిగించుడు. వేడుకకు వేరొక చుట్ట నుంచుకొని, దానిపై "సి-41" అని వ్రాసి, కడుగువారికి ముందే తెలుపుడు.