పూటకో పేపరు, అందరికీ ఒకే ర్యాంకుల పట్టిక

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ సీట్లకు జరిగే ఈఏపీసెట్‌ను 2022, 2023లో అనంతపురం జేఎన్‌టీయూ నిర్వహించింది. 2022లో ఇంజనీరింగ్ విభాగం పరీక్ష జులై 4 నుంచి 8 వరకు సాగింది. రోజూ పొద్దున ఒక సెషను, మధ్యాహ్నం ఒక సెషను. పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి; రాష్ట్రంలోని పిల్లలందరినీ ఒకే పూట కూర్చోబెట్టేన్ని కంప్యూటర్లు దొరకవు. అందుకని సెషన్లుగా విడదీస్తారు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలన్న కొలత ఏ సెషన్‌లోనూ మారదు. ప్రశ్నలు మాత్రం మారతాయి. ఎంత జాగ్రత్తగా కూర్చినా ఒక పేపరు కాస్త సులువుగా, ఇంకోటి కాస్త కఠినంగా వస్తుంది. ఆ తేడాను సర్దే లెక్కే నార్మలైజేషన్.

అనంతపురం రైతుకు ఈ ఆలోచన కొత్తది కాదు. వాన పడిన మండలంలో ఎకరాకు పది మూటల చెనక్కాయలు తీసినవాణ్ణీ, కరువు మండలంలో అదే పది మూటలు తీసినవాణ్ణీ ఒకే గాటన కట్టరు. ఆ ఏడు చుట్టుపక్కల పొలాల్లో ఎంత పండిందో అడిగాకే మాట్లాడతారు.

ఈఏపీసెట్ కూడా చుట్టుపక్కలవాళ్లనే చూస్తుంది. ప్రతి సెషన్‌కూ రెండు గుర్తులు పెట్టుకుంటుంది. సగటు మార్కుకు ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటు నుంచి ఎంత దూరం చెదిరాయో చెప్పే అంకె, కలిపితే వచ్చేది మొదటి గుర్తు. ఆ సెషన్‌లో అందరికన్నా పైనున్న 0.1 శాతం మంది సగటు మార్కు రెండోది. అన్ని సెషన్లవాళ్లనూ కలిపి ఇవే రెండు గుర్తులు మళ్లీ కడతారు. ఆపైన సెషను గుర్తులు ఉమ్మడి గుర్తుల మీదికి వచ్చి కూర్చునేలా మొత్తం కొలబద్దను సాగదీస్తారు, లేదా కుదిస్తారు.

ఊహించిన అంకెలతో చేసి చూస్తే తేలిగ్గా పట్టుబడుతుంది. పొద్దుటి పేపరు కఠినం: సగటు 50, విచలనం 20, కాబట్టి మొదటి గుర్తు 70, పైవాళ్ల సగటు 140. మధ్యాహ్నం పేపరు సులువు: గుర్తులు 80, 150. ఉమ్మడి గుర్తులు 75, 148 అనుకుందాం. పొద్దున 90 తెచ్చుకున్న అమ్మాయి మొదటి గుర్తుకు 20 మార్కులు పైన ఉంది. ఉమ్మడి గుర్తుల మధ్య దూరం 73, ఆమె సెషను గుర్తుల మధ్య దూరం 70. 20ని 73తో హెచ్చించి 70తో భాగిస్తే 20.86, దానికి 75 కలిపితే 95.86. మధ్యాహ్నం అదే 90 తెచ్చుకున్న అబ్బాయి తన గుర్తుకు 10 మాత్రమే పైన ఉన్నాడు. అతనికి వచ్చేది 85.43. కీ చూసుకుని 90 లెక్కపెట్టుకున్న ఇంట్లో అయిదు మార్కులు ఎవరో కోసేసినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ పూట పేపరు అందరికీ కలిసొచ్చింది.

ఈ సూత్రం ఒక నమ్మకం మీద నిలబడింది: ఏ సెషన్‌లోనైనా పిల్లల సత్తా సగటున ఒకటేనని. వేలమందిని కలగలిపి కూర్చోబెట్టినప్పుడు ఆ నమ్మకం చాలావరకు చెల్లుతుంది. బలహీనత పైకొనలో ఉంది. సెషన్‌కు 20 వేల మంది రాస్తే 0.1 శాతమంటే 20 మందే. గట్టి పిల్లలు పది మంది ఒకే పూట పడితే ఆ గుర్తే జరుగుతుంది.

ఇలా సర్దిన మార్కులకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం విలువ ఇచ్చి ర్యాంకు కడతారు. కోవిడ్ వల్ల 2022లో పక్కన పెట్టిన ఇంటర్ వెయిటేజీ 2023లో తిరిగి వచ్చింది.

దేశవ్యాప్త ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ దారి వేరు. 2019 నుంచి అక్కడ మార్కును సర్దరు. సెషన్‌లో నూటికి ఎంతమంది ఆ మార్కు దగ్గర గానీ, దానికి దిగువన గానీ ఉన్నారో చూసి పర్సంటైల్ ఇస్తారు. అందుకే ప్రతి సెషన్‌లో మొదటివాడికి, మార్కులు ఎన్ని వచ్చినా, 100 పర్సంటైలే. టై విడదీయడానికి ఏడు దశాంశ స్థానాల దాకా లెక్కగడతారు.

అసలు సర్దుబాటే అక్కర్లేకుండా చేయడం మూడో దారి. వైద్య పీజీ సీట్ల పరీక్ష నీట్ పీజీని రెండు షిఫ్టుల్లో పెట్టబోతే, రెండు పేపర్ల కష్టం ఎప్పటికీ సమానం కాదంటూ 2025 మే 30న సుప్రీంకోర్టు ఒకే షిఫ్టులో జరపమంది. సెంటర్లు వెతుక్కోవడానికి సమయం పట్టింది. జూన్ 15న జరగాల్సిన పరీక్ష ఆగస్టు 3న జరిగింది.