అవసరంలో ఉన్నవాని ఎదుట మన త్రాసు

వాక్యభాగము: లేవీయకాండము 19:35-36, ద్వితీయోపదేశకాండము 24:14-15



"భక్తి వేరు, బేరం వేరు" అని మనవారు అనగా మేము చాలాసార్లు విన్నాము. ఆదివారం మందిరంలో కూర్చున్న మనమే సోమవారం పొదిలి బజారులో నిలబడతాము. దేవుడు మాత్రం రెండుచోట్లా మనలను చూస్తూనే ఉన్నాడు.

మన ప్రాంతంలో ఈ పరీక్ష పొగాకు దగ్గర తరచుగా ఎదురవుతుంది. పొగాకు బోర్డు 1985 నుండి ఆంధ్రప్రదేశ్‌లో వేలం ద్వారా అమ్మకాలు జరిపిస్తున్నది. మన పొదిలిలోనూ వేలం కేంద్రమున్నది. బేలు పైన మేలైన ఆకు పేర్చి నడుమ నాసిరకం దాచితే? ఆకుకు తేమ పట్టించి తూకం పెంచితే? కొన్నవాడు ఒకసారి మోసపోవచ్చు. మరుసారి అతడు ఆ ఊరి బేళ్ళన్నిటినీ అనుమానంతోనే చూస్తాడు. అప్పుడు నష్టపోయేది నిజాయితీగా కట్టిన పక్క రైతే. ఒకని మోసం పదిమంది మాటకు విలువ లేకుండా చేస్తుంది.

అయితే కాటా కన్నా కూలి దగ్గరే మనం ఎక్కువగా తడబడతామని మాకు తోస్తున్నది. వానలు లేని ఏడు ఊరిలో పని దొరకదు. ఆకు అల్లడానికి వచ్చే అక్కలు ఎంత ఇచ్చినా చాలునంటారు. "ఇష్టముంటే రండి, లేకుంటే పొండి" అనడం మనకు తేలిక. కాటాను పరీక్షించి ప్రభుత్వం వారు ముద్ర వేస్తారు. మన మనస్సుకు ముద్ర వేసేవారెవరు?

ఇక్కడ మన పెద్దలు చెప్పుకొనే ఒక సంగతి జ్ఞాపకం చేసుకుందాము. 1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకానికి ప్రభుత్వం వద్ద కాంట్రాక్టు తీసుకున్నారు. సంఘ బోధకులను పనిపై కాపుగా పెట్టారు. ఆకలితో వచ్చిన వేలమంది అక్కడ పనిచేసి కూలి అందుకున్నారు.

ఆ రోజులలో బాప్తిస్మము కోరినవారు చాలామంది ఉన్నారు. అయినను కరువు పని సాగుతున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తెలియాలన్నదే ఆయన ఆలోచన. కరువు పనులు ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఇందులో మనము నేర్చుకోవలసిన పాఠమేమి? ఎదుటివాని అవసరాన్ని మన లాభానికి మెట్టుగా చేసుకోరాదు. సంఘము పెరిగే మంచి పనికే ఆయన ఆ అవసరాన్ని వాడుకోలేదు. అలాంటప్పుడు నాలుగు రూపాయల కోసం మనము వాడుకోవచ్చునా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నలు వేసుకోండి. మేత లేక అమ్మకానికి తోలుకొచ్చిన పొరుగువాని గేదెకు మనం ఏ ధర చెప్పాము? ఆసుపత్రి ఖర్చుకు అప్పు అడిగినవానికి ఏ వడ్డీ వేశాము? చదువురాని కూలివానికి లెక్క వివరంగా చెప్పి డబ్బిచ్చామా?

ఎవరికైనా తక్కువిచ్చినట్టు జ్ఞాపకం వస్తే, పొద్దుగుంకక ముందే వారింటికి వెళ్ళి ఇచ్చి రండి. జక్కయ్య చేసినది అదే. అతని ఇంటికి రక్షణ వచ్చిన దినమున అతని లెక్కలు కూడా మారాయి.