గుస్సాడీని ఆపి ఫోటోలా?

ఆసిఫాబాద్: దీపావళి వచ్చిందంటే గోండు గూడేలకు కెమెరాలు తగిలించుకుని వచ్చేవారికి కొదవలేదు. నెమలి ఈకల పెద్ద టోపీ, ఒళ్లంతా బూడిద, భుజాన జంతు చర్మం, చేతిలో కర్ర - గుస్సాడీని చూస్తే ఎవరికైనా ఫోటో తీయాలనిపిస్తుంది. అయితే అది వట్టి వేషం కాదు, దీక్ష. కోలబోడితో పండుగ ముగిసేవరకు గుస్సాడీలు స్నానం చేయరు. అలాంటివారిని ‘‘కాస్త ఇటు తిరగండి’’ అంటూ ఆట మధ్యలో నిలబెట్టడం పెద్దలకు రుచించదు. టోపీని తడిమి చూసే ఘనులూ లేకపోలేదు!

దండారీ బృందం పొరుగూరికి వెళితే ఆ ఊరివారు ఎదురేగి ఆహ్వానిస్తారు. పెళ్లి సంబంధాలు కుదిరేదీ ఆ రాకపోకల్లోనే. దాన్ని ఫోటో తీసేవారు అరుదు.

గుస్సాడీ గురువు కనకరాజుది మార్లవాయి. 2021లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో మరణించారు. 1940ల నాటి హైమెండార్ఫ్ ఫోటోలు మాత్రం అదే మార్లవాయిలో నివాసముండి, గోండీ నేర్చుకుని తీసినవి.