మీకు తెలుసా? హార్స్ చెస్ట్‌నట్ కుంకుడుకాయకు చుట్టం

హార్స్ చెస్ట్‌నట్, తినే చెస్ట్‌నట్ చూపుకు ఒకేలా ఉన్నా వేర్వేరు కుటుంబాలవి. తినే చెస్ట్‌నట్ ఓక్ చెట్ల కుటుంబానిది. హార్స్ చెస్ట్‌నట్‌ది తలంటుకు వాడే కుంకుడు కుటుంబం. లిచీ కూడా ఇందులోదే.

కుంకుడుకాయకు నురగనిచ్చే సపోనిన్లు హార్స్ చెస్ట్‌నట్ గింజలోనూ ఉంటాయి. వాటికి తోడు ఎస్కులిన్ అనే విషపదార్థమూ ఉంటుంది. అందుకే గింజ చేదు. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కాల్చుకు తిన్నా ప్రమాదమే.

గుర్తుపట్టడం ఇలా:

• కాయ: తినేదాని పైతొక్క నిండా సన్నని, ఒత్తయిన ముళ్లు. హార్స్ చెస్ట్‌నట్‌కు అక్కడక్కడా పొట్టి ముళ్లు.
• గింజ: తినేదానికి కొనదేలిన మొన, దాని చివర చిన్న కుచ్చు. రెండోది నున్నగా, గుండ్రంగా, మొన లేకుండా ఉంటుంది.
• ఆకు: తినేదానిది రంపపు అంచున్న ఒంటి ఆకు. రెండోదానికి అరచేతి వేళ్లలా 5 నుంచి 7 చిన్నాకులు.

మన దేశంలో హిమాలయాల్లో పెరిగే హార్స్ చెస్ట్‌నట్ గింజల పిండిని అక్కడివారు పలుమార్లు నీళ్లలో నానబెట్టి, చేదు వంపేశాకే తింటారు. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న తెలుగువారు శరత్కాలంలో పార్కుల్లో రాలిన గింజలను పిల్లల నోటికి అందకుండా చూడాలి.